స్ట్రీమింగ్ ఏపీఐతో ఆండ్రాయిడ్, ఐఫోన్ మ్యూజిక్ యాప్: ఫ్లటర్‌లో కట్టే పద్ధతి

మ్యూజిక్ యాప్ చేద్దామని కూర్చోగానే అందరూ ముందు ప్లేయర్ తెరే గీస్తారు. పెద్ద ఆల్బమ్ బొమ్మ, దాని కింద పాట పేరు, ప్రోగ్రెస్ బార్, మధ్యలో ప్లే బటన్. ఆ తెరను ఆఖరికి ఉంచండి. ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ బటన్ నొక్కితే పాట ఎక్కడి నుంచి మోగుతుంది? లాగిన్, లాక్‌స్క్రీన్ బటన్లు, స్టోర్ అనుమతి అన్నీ దీని జవాబును బట్టే నడుస్తాయి. సగం పనయ్యాక జవాబు మారితే ప్రాజెక్టు మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడ చెప్పేది స్పాటిఫై వెబ్ ఏపీఐ (మన యాప్ స్పాటిఫై సర్వర్‌ను డేటా అడిగే దారి), ఫ్లటర్ (ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్ చేసే పరికరం) జోడీ గురించి. అలాంటిదే అయిన రియాక్ట్ నేటివ్‌లో చేసేవాళ్లకు ప్యాకేజీల పేర్లు మారతాయి గానీ చిక్కులు ఇవే.

పాట మోగేది ఎక్కడ

స్పాటిఫై వెబ్ ఏపీఐ మీకు పాట ఇవ్వదు, పాట వివరాలు ఇస్తుంది: పేరు, కళాకారులు, ఆల్బమ్, బొమ్మ, నిడివి, ప్లేలిస్టులు. పూర్తి ఆడియో ఫైల్ చిరునామా ఆ జవాబుల్లో ఎక్కడా ఉండదు. ఫోన్‌లో పాట వినిపించాలంటే యాప్ రిమోట్ అనే ఎస్‌డీకే (స్పాటిఫై సిద్ధం చేసి ఇచ్చే కోడ్ మూట) ద్వారా, అదే ఫోన్‌లో ఉన్న స్పాటిఫై యాప్‌కు "ఇది వాయించు" అని ఆదేశం పంపాలి. మోగేది ఆ యాప్‌లో. మీది రిమోట్ మాత్రమే. కాబట్టి వాడే మనిషి ఫోన్‌లో స్పాటిఫై ఉండాలి, లాగిన్ అయి ఉండాలి, కోరిన పాట కోరినప్పుడు వినాలంటే ప్రీమియం ఉండాలి.

ఈ షరతులు మీ ఆలోచనకు సరిపడకపోతే ఇప్పుడే దారి మార్చుకోండి. పాట రుచి చూపిస్తే చాలనుకుంటే ఆపిల్ వారి ఐట్యూన్స్ సెర్చ్ ఏపీఐ ఉంది. దానికి కీ (నమోదు చేసుకుంటే ఇచ్చే గుర్తింపు కోడ్) అక్కర్లేదు. 30 సెకన్ల ప్రివ్యూ చిరునామా ఇస్తుంది. నిమిషానికి సుమారు 20 అభ్యర్థనలు దాటకూడదు. పాట మొత్తం మీ యాప్‌లోనే మోగాలంటే జమెండో ఏపీఐ చూడండి. అందులో క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో స్వతంత్ర కళాకారులు పెట్టిన పాటలుంటాయి, సూటిగా వాయించగల ఆడియో చిరునామా వస్తుంది. సినిమా పాటలు మాత్రం ఆశించకండి. డబ్బు సంపాదించే యాప్ అయితే వారితో విడిగా ఒప్పందం కావాలి.

కోడ్ కంటే ముందు నిబంధనలు

స్పాటిఫై ఏపీఐ మీద నెట్‌లో దొరికే పాఠాల్లో చాలావరకు పాతబడ్డాయి. 2024 నవంబర్ 27 నుంచి కొత్త యాప్‌లకు కొన్ని సదుపాయాలు ఆగిపోయాయి: సిఫారసు పాటలు, పోలిన కళాకారులు, పాట లయను, హుషారును అంకెల్లో చెప్పే ఆడియో ఫీచర్లు, స్పాటిఫై సొంతంగా తయారుచేసే ప్లేలిస్టులు, పాటల జాబితాల్లో వచ్చే 30 సెకన్ల ప్రివ్యూలు. పాత వీడియో చూసి "మూడ్‌ను బట్టి పాటలు" యాప్ మొదలుపెట్టినవాళ్లకు ఏపీఐ నుంచి 403 (అనుమతి లేదు) గానీ 404 (దొరకలేదు) గానీ వస్తుంది. అక్కడ తప్పు వాళ్ల కోడ్‌లో లేదు.

రెండోది ఇంకా ముఖ్యం. కొత్తగా నమోదు చేసిన యాప్ డెవలప్‌మెంట్ మోడ్‌లో ఉంటుంది. డ్యాష్‌బోర్డ్‌లో మీరు ఈమెయిల్ రాసి చేర్చిన కొద్దిమందే దాన్ని వాడగలరు. చేర్చని మనిషి కూడా లాగిన్ తెర దాటి లోపలికి వస్తారు, కానీ తర్వాతి ప్రతి అభ్యర్థనకూ 403 వస్తుంది. ఇది చూసి టోకెన్ (లాగిన్ అయ్యాక యాప్‌కు అందే అనుమతి చీటీ) చెడిపోయిందనుకుని గంటల కొద్దీ వెతుకుతారు. ఈ పరిమితి తీసేయమని అడిగే హక్కు 2025 మే 15 నుంచి సంస్థలకే ఉంది. అదీ నెలకు కనీసం 2,50,000 మంది వాడుతున్న సేవ అయితేనే. అంటే ఒక్కరుగా యాప్ చేస్తున్నవాళ్లకు స్పాటిఫై దారి నేర్చుకోవడానికి, సొంతానికి, దగ్గరివాళ్లకు పనికొస్తుంది. ప్లే స్టోర్‌లో లక్షమందికి పంచాలనే కల ఉంటే ఈ దారిలో అది తీరదు. ఈ మాట ఎంత చేదుగా ఉన్నా కోడ్ రాయకముందే తెలియాలి.

చేయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. పాట వినిపించి పేరు చెప్పమనే క్విజ్ ఆట చాలామంది తెలుగు డెవలపర్లకు మొదట తట్టే ఆలోచన. స్పాటిఫై నిబంధనలు ఆటలను, క్విజ్‌లను పేరు పెట్టి మరీ వద్దంటాయి. పాటను డౌన్‌లోడ్ చేయించడం, మరో శబ్దంతో కలపడం, వీడియోకు జతచేయడం, వచ్చిన డేటాతో మెషీన్ లెర్నింగ్ మోడళ్లకు శిక్షణ ఇవ్వడం కూడా నిషిద్ధమే.

నమోదు: ఒక్క అక్షరం తేడా వచ్చినా

స్పాటిఫై డెవలపర్ డ్యాష్‌బోర్డ్‌లో యాప్ సృష్టించాక క్లయింట్ ఐడీ, క్లయింట్ సీక్రెట్ రెండూ కనిపిస్తాయి. మొబైల్ యాప్‌కు ఐడీ ఒక్కటే చాలు. సీక్రెట్‌ను యాప్‌లో ఏ మూలా పెట్టకండి. ఆండ్రాయిడ్ యాప్ వచ్చే ఏపీకే అంటే ఒక జిప్ ఫైల్. విప్పి వెతికితే అందులోని ఏ వాక్యమైనా బయటికొస్తుంది. కోడ్‌ను గజిబిజి చేసినా ఆగదు.

ఫ్లటర్ ప్రాజెక్టు సృష్టించేటప్పుడు పేరులో అండర్‌స్కోర్ పెడితే ఆండ్రాయిడ్ ప్యాకేజీ పేరులోకి కూడా అది వచ్చేస్తుంది. ఆ పేరునే రీడైరెక్ట్ స్కీమ్‌గా (లాగిన్ అయ్యాక బ్రౌజర్ మీ యాప్‌కు తిరిగొచ్చే చిరునామా మొదటి భాగం) వాడితే చిక్కొస్తుంది, ఎందుకంటే యూఆర్‌ఎల్ స్కీమ్‌లో అక్షరాలు, అంకెలు, ప్లస్, హైఫన్, చుక్క తప్ప మరేదీ చెల్లదు. స్కీమ్ అంతా చిన్న అక్షరాల్లోనే ఉండాలి. ఆండ్రాయిడ్ పెద్ద అక్షరాన్ని, చిన్న అక్షరాన్ని వేర్వేరుగా చూస్తుంది. అలాంటి తేడా ఉంటే లాగిన్ అయ్యాక బ్రౌజర్ తెల్లగా నిలిచిపోతుంది, మీ యాప్ తిరిగి తెరుచుకోదు. డ్యాష్‌బోర్డ్‌లో రాసిన చిరునామా, కోడ్‌లోని చిరునామా చివరి గీత దాకా ఒకేలా ఉండాలి. వెబ్ మీద పరీక్షించేవాళ్లు లోకల్‌హోస్ట్ అనే పేరు వాడకూడదు. 2025లో స్పాటిఫై దాన్ని తీసేసింది. బదులుగా 127.0.0.1 అని రాయాలి.

యాప్ రిమోట్ కోసం ఆండ్రాయిడ్ ప్యాకేజీ పేరు, ఎస్‌హెచ్‌ఏ-1 ఫింగర్‌ప్రింట్ (యాప్ మీద సంతకం చేసిన కీని గుర్తించే సంఖ్య) కూడా నమోదు చేయాలి. ఇక్కడ ఒకటి కాదు, మూడు ఫింగర్‌ప్రింట్లు ఉంటాయని గుర్తుంచుకోండి. మీ కంప్యూటర్‌లోని డీబగ్ కీ మొదటిది. రిలీజ్ బిల్డ్‌కు మీరు వాడే అప్‌లోడ్ కీ రెండోది. ప్లే స్టోర్‌లోకి ఎక్కించాక గూగుల్ మీ యాప్‌ను తన దగ్గరున్న కీతో మళ్లీ సంతకం చేస్తుంది కదా, అది మూడోది. ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీలో అది దొరుకుతుంది. డీబగ్‌లో చక్కగా నడిచి, టెస్టర్లకు పంపగానే యాప్ రిమోట్ అనుమతి లేదంటూ మొరాయిస్తే నూటికి తొంభైపాళ్లు ఈ మూడో ఫింగర్‌ప్రింట్ చేర్చలేదన్నమాట. బృందంలో ఇద్దరుంటే డీబగ్ కీలు కూడా రెండు. రెండూ చేర్చండి.

ఆండ్రాయిడ్ 11 నుంచి, ముందే రాసిపెట్టకపోతే, ఫోన్‌లో మరో యాప్ ఉందో లేదో తెలుసుకోవడం ఒక యాప్‌కు కుదరదు. మ్యానిఫెస్ట్ (యాప్ వివరాల ఫైల్)లో క్వెరీస్ విభాగం కింద స్పాటిఫై ప్యాకేజీ పేరు రాయకపోతే, ఎదురుగా ఇన్‌స్టాల్ అయి ఉన్నా "స్పాటిఫై లేదు" అనే వస్తుంది. ఐఫోన్‌లో ఇదే పని ఇన్ఫో పీలిస్ట్ ఫైల్‌లోని అప్లికేషన్ క్వెరీస్ స్కీమ్స్ జాబితా చేస్తుంది. అందులో స్పాటిఫై స్కీమ్ చేర్చాలి.

లాగిన్, టోకెన్లు

మొబైల్‌కు సరైన పద్ధతి ఆథరైజేషన్ కోడ్ విత్ పీకేసీఈ. లాగిన్ అయ్యాక బ్రౌజర్ ఒక తాత్కాలిక కోడ్ ఇస్తుంది, యాప్ దాన్ని ఇచ్చి టోకెన్ తెచ్చుకుంటుంది. ఆ కోడ్ ఇంకొకరికి దొరికినా పనికిరాకుండా యాప్ తయారుచేసుకున్న రహస్య పదం (వెరిఫయర్) కాపాడుతుంది. పాత పాఠాల్లో కనిపించే ఇంప్లిసిట్ గ్రాంట్‌ను వదిలేయండి. ఫ్లటర్ యాప్‌ఆత్ ప్యాకేజీ పీకేసీఈ పని తానే చేసుకుంటుంది. మీరే రాయదలచుకుంటే మూడు సంగతులు చూసుకోండి. వెరిఫయర్ నిడివి 43 నుంచి 128 అక్షరాల మధ్య ఉండాలి. దాన్ని ఎస్‌హెచ్‌ఏ-256తో హ్యాష్ చేస్తే 32 బైట్లు వస్తాయి. ఆ బైట్లనే యూఆర్‌ఎల్‌కు తగిన బేస్64లోకి మార్చి చివరి సమాన గుర్తు తీసేయాలి. ఫలితం సరిగ్గా 43 అక్షరాలు రావాలి. అంతకంటే బాగా పొడవొస్తే హ్యాష్‌ను ముందు హెక్స్ రాతగా మార్చి ఆ రాతను ఎన్‌కోడ్ చేశారన్నమాట.

లాగిన్ తెరను వెబ్‌వ్యూలో (యాప్ లోపలే ఉండే చిన్న బ్రౌజర్) తెరవకండి. గూగుల్ ఖాతాతో స్పాటిఫైలోకి వెళ్లేవాళ్లను గూగుల్ అక్కడే ఆపేస్తుంది, వెబ్‌వ్యూలో సైన్ ఇన్‌ను అది ఒప్పుకోదు. ఫోన్‌లోని అసలు బ్రౌజర్ ద్వారానే సాగనివ్వండి. స్కోప్‌లు (ఏయే డేటాకు, పనులకు అనుమతి కావాలో చెప్పే పేర్లు) కూడా అవసరమైనన్నే అడగండి. సొంత ప్లేలిస్టులు చదవడం, ఇష్టపడ్డ పాటలు చదవడం, ఇటీవల విన్నవి, ఇప్పుడు మోగుతున్నది చదవడం, ప్లేబ్యాక్ నడపడం, యాప్ రిమోట్, ఇవి చాలు. ఆ తెర చదివే మనిషికి పొడవైన జాబితా చూస్తే భయమేస్తుంది.

కోడ్ ఇచ్చి టోకెన్ తెచ్చుకునే అభ్యర్థనను ఫారమ్ రూపంలో పంపాలి. నెట్ అభ్యర్థనలు పంపే డియో లైబ్రరీ, ఏమీ చెప్పకపోతే జేసన్‌గా (డేటా రాసే మరో రూపం) పంపుతుంది, సర్వర్ తిరస్కరిస్తుంది. కంటెంట్ టైప్‌ను ఆ ఒక్క అభ్యర్థనకు ఫారమ్ యూఆర్‌ఎల్ ఎన్‌కోడెడ్‌గా మార్చండి.

యాక్సెస్ టోకెన్ ఆయువు గంట, అంటే 3600 సెకన్లు. తర్వాత రిఫ్రెష్ టోకెన్ ఇచ్చి కొత్తది తెచ్చుకోవాలి. ఎక్కువ యాప్‌లు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఒకరు సాయంత్రం 5 గంటలకు యాప్ వాడి పక్కన పెట్టారు. 6:30కి మళ్లీ తెరిచారు. హోమ్ తెర ఒకేసారి నాలుగు అభ్యర్థనలు పంపింది: ప్రొఫైల్, ప్లేలిస్టులు, ఇష్టపడ్డ పాటలు, ఇటీవల విన్నవి. టోకెన్ గడువు తీరిపోయింది కాబట్టి నాలుగింటికీ 401 (టోకెన్ చెల్లదు) వచ్చింది. నాలుగూ ఎవరికి వారే రిఫ్రెష్‌కు పరుగెత్తాయి. మొదటిది పాత రిఫ్రెష్ టోకెన్ ఇచ్చి కొత్త జత తెచ్చుకుంది. పీకేసీఈ పద్ధతిలో రిఫ్రెష్ టోకెన్ కూడా మారుతుంది, పాతది చెల్లదు. రెండోది అదే పాత టోకెన్ పట్టుకెళ్లింది, ఇన్‌వాలిడ్ గ్రాంట్ అనే జవాబొచ్చింది. ఆ జవాబొస్తే లాగౌట్ చేయమని మీరే రాశారు. ఆ కోడ్ నిల్వలోని టోకెన్లన్నీ తుడిచేసింది, అప్పుడే వచ్చిన కొత్త జతతో సహా. వాడే మనిషికి లాగిన్ తెర ఎదురైంది. ఇది రోజూ జరగదు, గంట గడిచాక రెండు అభ్యర్థనలు ఢీకొన్నప్పుడే జరుగుతుంది. అందుకే మీ బల్ల మీద ఒక్కసారీ దొరకదు.

మందు ఏమిటంటే, ఎన్ని అభ్యర్థనలు వచ్చినా రిఫ్రెష్ ఒక్కటే నడవాలి. నడుస్తున్న రిఫ్రెష్ ఫ్యూచర్‌ను (ఫ్లటర్ భాష డార్ట్‌లో ఇంకా ముగియని పనికి గుర్తు) ఒక వేరియబుల్‌లో పట్టుకోండి. తర్వాత వచ్చినవన్నీ కొత్తది మొదలుపెట్టకుండా దాని కోసమే ఎదురుచూడాలి. కొత్త టోకెన్లు నిల్వలోకి రాయడం పూర్తయ్యాకే ఫ్యూచర్ ముగియాలి. ఆ తర్వాత ఆగిన అభ్యర్థనలు టోకెన్‌ను మళ్లీ చదువుకుని, ఒక్కసారి మాత్రమే తిరిగి ప్రయత్నించాలి. డియోలో అభ్యర్థనలను వరుసలో నిలిపే క్యూడ్ ఇంటర్‌సెప్టర్‌తో ఈ పని తేలిక. రిఫ్రెష్ జవాబులో కొత్త రిఫ్రెష్ టోకెన్ లేకపోతే పాతదే ఉంచుకోవాలి, ఖాళీ విలువను దాని మీద రాసేయకూడదు. గడువుకు 60 సెకన్ల ముందే రిఫ్రెష్ చేస్తే 401లు చాలావరకు రానే రావు. అయినా 401ను పట్టుకునే కోడ్ ఉండాల్సిందే, ఫోన్ గడియారం తప్పుగా పెట్టుకున్నవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

నెట్ లేక రిఫ్రెష్ విఫలమైతే లాగౌట్ చేయకండి. ఇన్‌వాలిడ్ గ్రాంట్ వచ్చినప్పుడే చేయండి. ఈ రెంటినీ ఒకే క్యాచ్‌లో (తప్పులను పట్టే కోడ్ భాగం) పడేస్తే రైలు సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా జనం లాగౌట్ అవుతారు.

టోకెన్ల నిల్వకు ఫ్లటర్ సెక్యూర్ స్టోరేజ్ వాడండి. రెండు వేదికల్లో రెండు వింతలున్నాయి. ఐఫోన్‌లో యాప్ తీసేసినా కీచైన్ (ఫోన్ రహస్యాలు దాచే పెట్టె)లోని విలువలు పోవు. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పాత టోకెన్ బయటికొస్తుంది. అందుకని మామూలు ప్రిఫరెన్సెస్‌లో "మొదటిసారి తెరిచారు" అనే గుర్తు పెట్టి, అది లేకపోతే కీచైన్ ఖాళీ చేయండి. ఆండ్రాయిడ్‌లో సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. ఆటో బ్యాకప్ డేటాను కొత్త ఫోన్‌లోకి తెస్తుంది, దాని తాళం మాత్రం పాత ఫోన్ కీస్టోర్‌లోనే ఉండిపోతుంది. విప్పబోతే యాప్ తెరవగానే కూలుతుంది. ఆ ఫైల్‌ను బ్యాకప్ నుంచి మినహాయించండి.

తెలుగు పాటను వెతకడం

వెతుకులాట పెట్టె పైకి చిన్నగా కనిపిస్తుంది గానీ తెలుగువాళ్ల కోసం చేసే యాప్‌లో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదే. కేటలాగ్‌లో తెలుగు పాటల పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్ లిపిలో ఉంటాయి. వాటి స్పెల్లింగ్‌కు ఒక కట్టుబాటు లేదు. "నీలాకాశం" అనే మాటలో "నీ" కోసం ఒక కంపెనీ ఎన్ తర్వాత రెండు ఈలు రాస్తుంది, మరొకటి ఒక్క ఐతో సరిపెడుతుంది. "శ"కు ఒకరు ఎస్ మాత్రమే, ఇంకొకరు ఎస్ హెచ్. "త"కు టీ, టీ హెచ్ రెండూ కనిపిస్తాయి.

వాడే మనిషి తెలుగు లిపిలో టైప్ చేశారో లేదో తెలుసుకోవడం తేలిక. యూనికోడ్‌లో తెలుగు గడులు దశాంశ లెక్కలో 3072 నుంచి 3199 దాకా. ఒక్క అక్షరం ఆ మధ్యలో ఉన్నా తెలుగే. ముందు ఆ మాటను అలాగే పంపండి. ఫలితాలు లేకపోతేనో బాగా తక్కువగా ఉంటేనో లిప్యంతరం చేసి రెండో ప్రయత్నం చేయండి: ఒకటి దీర్ఘాలను రెండు అక్షరాలతో, మరొకటి ఒక్క అక్షరంతో. అంతకు మించి వద్దు. స్పెల్లింగ్ అవకాశాలన్నీ పంపితే అభ్యర్థనల పరిమితి దాటిపోతారు. వచ్చిన ఫలితాలను పాట ఐడీని బట్టి కలిపి, ఒకే పాట రెండుసార్లు రాకుండా చూడండి.

టైప్ చేస్తుండగా ప్రతి అక్షరానికీ వెతకకండి. 400 మిల్లీసెకన్లు ఆగి పంపండి. తెలుగు కీబోర్డులో ఒక్క "స్త్రీ" రావడానికే ఆరు కోడ్ యూనిట్లు (స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం) పడతాయి. ఆగకపోతే ఒక అక్షరానికి ఆరు అభ్యర్థనలు పోతాయి. కొత్తది పంపే ముందు పాతదాన్ని డియోలోని క్యాన్సల్ టోకెన్‌తో (లాగిన్ టోకెన్‌తో దీనికి సంబంధం లేదు) ఆపండి. లేదంటే నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు పాత జవాబు ఆలస్యంగా వచ్చి కొత్త ఫలితాల మీద కూర్చుంటుంది. ఫలితాలు పేజీకి పదేసి చాలు.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్లు వాడితే ఇంకో సంగతి. మీరు మార్కెట్‌గా ఇండియా అని పంపినా, లాగిన్ అయిన మనిషి ఖాతా ఏ దేశానిదైతే ఆ దేశపు హక్కులే చెల్లుతాయి. కొన్ని పాటలు అక్కడ మోగవు. జవాబులో ప్లేయబుల్ కాదని వస్తే ఆ వరుసను వెలిసిన రంగులో చూపించండి. దాచేస్తే తమ ప్లేలిస్టులో పాట మాయమైందని కంగారుపడతారు.

డేటాలో ఉచ్చులు

ప్లేలిస్టులో ప్రతి అంశమూ పాట అనుకోకండి. కేటలాగ్ నుంచి తొలగించిన పాట స్థానంలో శూన్య విలువ రావచ్చు. పాడ్‌కాస్ట్ ఎపిసోడ్ ఉండొచ్చు, ఎవరో తమ కంప్యూటర్ నుంచి చేర్చిన లోకల్ ఫైల్ ఉండొచ్చు. లోకల్ ఫైల్‌కు ఐడీ ఉండదు. డార్ట్‌లో ఐడీని తప్పనిసరి ఫీల్డ్‌గా రాసుకుంటే 200 పాటల ప్లేలిస్టు ఒక్క అంశం వల్ల మొత్తం తెరుచుకోదు. ఒక్కో అంశాన్ని విడిగా పార్స్ చేసి (విప్పి చదివి), చెడ్డదాన్ని వదిలి ముందుకెళ్లండి.

విడుదల తేదీ ఒక్కోసారి సంవత్సరం మాత్రమే ఉంటుంది. పాత పాటల్లో ఇది మామూలు. డార్ట్ డేట్‌టైమ్ పార్సర్‌కు "1975" అని ఒక్క సంవత్సరం ఇస్తే ఎక్సెప్షన్ వస్తుంది. తేదీతో పాటు ప్రెసిషన్ అనే ఫీల్డ్ వస్తుంది, దాన్ని చూసి సంవత్సరం, నెల, రోజు విడివిడిగా చదవండి. డిజిటల్‌గా తిరిగి విడుదల చేసిన సంవత్సరం ఆ చోట ఉండటం కూడా కద్దు. కాబట్టి ఆ తేదీని నమ్ముకుని "డెబ్భైల పాటలు" లాంటి విభాగాలు కట్టకండి.

ఇప్పుడు ఏం మోగుతోందని అడిగితే, ఏమీ మోగనప్పుడు 204 వస్తుంది, జవాబు ఖాళీగా ఉంటుంది. దాన్ని జేసన్‌గా విప్పబోతే కూలుతుంది.

ప్లేలిస్టులకు స్నాప్‌షాట్ ఐడీ ఉంటుంది. అది మారనంతకాలం పాటల జాబితాను మళ్లీ తేనక్కర్లేదు. అభ్యర్థనల్లో పెద్ద ఆదా ఇక్కడే. స్పాటిఫై పరిమితిని గడిచిన 30 సెకన్లలో వెళ్లిన అభ్యర్థనలను బట్టి లెక్కిస్తుంది. దాటితే 429, దాంతోపాటు రిట్రై ఆఫ్టర్ హెడర్‌లో ఎన్ని సెకన్లు ఆగాలో వస్తుంది. ఆ లెక్క ప్రకారమే ఆగండి.

బొమ్మలు, తెలుగు అక్షరాలు

ఆల్బమ్ బొమ్మ సాధారణంగా 640, 300, 64 పిక్సెళ్ల పరిమాణాల్లో వస్తుంది. జాబితా వరుసలో బొమ్మ 56 యూనిట్లు అనుకుంటే, మూడింతల సాంద్రత ఉన్న ఫోన్‌లో అది 168 పిక్సెళ్లు. 64ది మసకగా ఉంటుంది, 640ది దండగ. 300ది తీసుకోండి. మెమరీ లెక్క వేస్తే తేడా తెలుస్తుంది: 640 బొమ్మ విప్పితే సుమారు 1.6 ఎంబీ, అలాంటివి 50 అంటే 82 ఎంబీ. 300వి అయితే 18 ఎంబీ. వాటినే క్యాష్ విడ్త్ (విప్పే వెడల్పు) 168గా పెట్టి విప్పితే 6 ఎంబీ లోపే. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో స్క్రోల్ తడబడటానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

బొమ్మను కత్తిరించకూడదు, దాని మీద బటన్ గానీ రాత గానీ పెట్టకూడదు. మూలల గుండ్రదనం చిన్న తెరల్లో 4 పిక్సెళ్లు, పెద్దవాటిలో 8. స్పాటిఫై లోగో చూపించి, పాట నుంచి వారి యాప్‌కు లింకు ఇవ్వాలి.

తెలుగు సినిమా పాటల పేర్ల చివర బ్రాకెట్లలో సినిమా పేరు వేలాడుతూ వస్తుంది, వరుస నిండిపోతుంది. దాన్ని కోడ్‌తో కోసేయాలనిపిస్తుంది. వచ్చిన పేరును మార్చకూడదన్నది నిబంధన. రెండు వరుసలిచ్చి, మిగిలితే చుక్కలతో ముగించి, నొక్కినప్పుడు పూర్తి పేరు చూపించండి. కోత పనిని సబ్‌స్ట్రింగ్‌తో (మాటను యూనిట్ల లెక్కన కోసే ఫంక్షన్) చేయకండి. "స్త్రీ"ని మూడో యూనిట్ దగ్గర కోస్తే "స్త" మిగులుతుంది. ఫ్లటర్ టెక్స్ట్ విడ్జెట్‌లోని ఎలిప్సిస్‌కు వదిలేయండి.

ఇంకోటి, డిజైనర్లు ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడా వరుస ఎత్తు అక్షర పరిమాణానికి 1.0 లేదా 1.1 రెట్లు పెడతారు. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి. అంత ఇరుకులో కింది ఒత్తులు పక్క వరుసను తాకుతాయి, కొన్నిచోట్ల తెగిపోతాయి. 1.4 నుంచి మొదలుపెట్టి చూడండి. ఒకే జాబితాలో కొన్ని పేర్లు తెలుగులో, కొన్ని ఇంగ్లిష్‌లో ఉంటే వరుసల ఎత్తు ఎగుడుదిగుడుగా ఉంటుంది. స్ట్రట్ స్టైల్‌లో ఎత్తును బలవంతంగా ఒకటే చేస్తే కుదురుకుంటుంది. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌ను యాప్‌తోనే ఇవ్వండి, ఒక్కో కంపెనీ ఫోన్‌లో ఒక్కో రకంగా కనిపించడం ఆగుతుంది.

పాట మోగించడం

ఫ్లటర్‌లో స్పాటిఫై ఎస్‌డీకే పేరుతో బయటి డెవలపర్లు నడిపే ప్యాకేజీ ఉంది, రెండు వేదికల యాప్ రిమోట్‌నూ అది చుట్టి ఇస్తుంది. పరీక్షకు అసలు ఐఫోనే కావాలి, సిమ్యులేటర్‌లో స్పాటిఫై యాప్ ఉండదు. ఐఫోన్‌లో స్పాటిఫై నిద్రలో ఉంటే కనెక్షన్ అందదు. అందుకని మొదటిసారి "అనుమతి అడుగు, ఆ వెంటనే ఈ పాట వాయించు" అనే ఆదేశంతో ఆ యాప్‌ను ముందుకు తెచ్చి, మోగడం మొదలయ్యాక తిరిగి రావాలి. తెర ఒక్క క్షణం అటు మారి ఇటు వస్తుంది. దీన్ని తప్పించలేరు, ముందే ఒక వాక్యంలో చెప్పండి. మీ యాప్ వెనక్కి వెళ్తే కనెక్షన్ తెంచి, ముందుకు రాగానే మళ్లీ కలపండి.

కనెక్షన్ కుదరనప్పుడు వచ్చే తప్పులకు ఒకే "ఏదో పొరపాటు జరిగింది" రాయకండి. యాప్ లేకపోతే ఇన్‌స్టాల్ లింకు, లాగిన్ కాకపోతే స్పాటిఫై తెరిచే బటన్, ఆఫ్‌లైన్ మోడ్‌లో ఉంటే ఆ మాట. అనుమతి లేదని వస్తే అది వాడేవారి తప్పు కాదు, మీ ఫింగర్‌ప్రింట్ గానీ స్కోప్ గానీ తప్పింది. ప్రీమియం ఉందో లేదో ఖాతా రకాన్ని చూసి ఊహించకుండా, కోరిన పాట వాయించగలరా అన్న సామర్థ్యాన్ని ఎస్‌డీకేనే అడగండి. లేకపోతే ప్లే బటన్ బదులు "స్పాటిఫైలో తెరవండి" చూపించండి.

ప్రోగ్రెస్ బార్ ముందుకు కదలకపోవడం అందరికీ ఎదురయ్యే సమస్య. ప్లేయర్ స్థితి ప్రతి సెకనూ రాదు, ఏదైనా మారినప్పుడే వస్తుంది: పాట మారినా, ఆపినా, జరిపినా. ఆ స్థితి వచ్చిన క్షణాన స్టాప్‌వాచ్ మొదలుపెట్టి, వచ్చిన స్థానానికి గడిచిన సమయం కలుపుతూ మీరే బార్ కదపాలి. పాజ్‌లో ఉంటే కలపకూడదు. తర్వాతి స్థితి రాగానే స్టాప్‌వాచ్ మళ్లీ సున్నా నుంచి.

లాక్‌స్క్రీన్ మీద బటన్లు స్పాటిఫై యాప్ చూపిస్తుంది. మీరు కూడా ఒక నోటిఫికేషన్ పెడితే రెండేసి కనిపిస్తాయి.

జమెండో దారి పట్టినవాళ్లకు లెక్క వేరు. మోగించేది మీరే కాబట్టి జస్ట్ ఆడియో, ఆడియో సర్వీస్ ప్యాకేజీలు రెండూ కావాలి. ఐఫోన్‌లో బ్యాక్‌గ్రౌండ్ మోడ్స్‌లో ఆడియో ఎంచుకోవాలి. ఆండ్రాయిడ్ 14 నుంచి, యాప్ తెర మీద లేకున్నా నడిచే ఫోర్‌గ్రౌండ్ సర్వీస్‌కు మీడియా ప్లేబ్యాక్ అనే రకం, దానికి తగిన అనుమతి మ్యానిఫెస్ట్‌లో లేకపోతే పాట మొదలవగానే యాప్ కూలుతుంది. ఫోన్ కాల్ వస్తే ఆగడం, ఇయర్‌ఫోన్ పీకితే ఆగడం మీ బాధ్యతే. ప్రతి పాట దగ్గర దాని లైసెన్సు లింకు కూడా చూపించండి.

స్టోర్‌కు పంపే ముందు

ఆపిల్ పరిశీలకులకు నడిచే ఖాతా ఇవ్వాలి. డెవలప్‌మెంట్ మోడ్‌లో ఉన్న యాప్ అయితే ఆ ఖాతా ఈమెయిల్ డ్యాష్‌బోర్డ్ జాబితాలో ఉండాలి. లేకపోతే వాళ్లకు 403 తెరే కనిపిస్తుంది, యాప్ తిరిగొస్తుంది. ఇంకొకరి సేవను వాడుతున్నందుకు ఆ సేవ నిబంధనలు ఒప్పుకుంటాయనే రుజువు అడగవచ్చు. నిబంధనల పేజీ లింకు, మీరు వాడే సదుపాయాల జాబితా పరిశీలన నోట్స్‌లో ముందే రాసిపెట్టండి. గూగుల్ ప్లేలో డేటా సేఫ్టీ ఫారమ్ నింపేటప్పుడు స్పాటిఫై నుంచి చదివే ప్రొఫైల్ వివరాలు, ఈమెయిల్ స్కోప్ కూడా అడిగితే అది, మరిచిపోకండి. ఈమెయిల్ అవసరమే లేకపోతే ఆ స్కోప్ తీసేయడం మేలు. చివరగా ఇంటర్నల్ టెస్టింగ్ ట్రాక్ నుంచి, అంటే ప్లే స్టోర్ సంతకం చేసిన బిల్డ్‌ను, మీ కేబుల్ ఎప్పుడూ తగలని ఒక ఫోన్‌లో దించి లాగిన్ అవ్వండి. ఒక పాట పెట్టి పక్కన పెట్టేయండి, గంటా పది నిమిషాలయ్యాక మళ్లీ తెరిచి ఇంకో పాట నొక్కండి.